ఏడో గడిలో ఏం రాయాలి

కొలతలమ్మకు చిరాకు రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. గోడకు తగిలించిన పటం అర అంగుళం పక్కకు ఒరిగి ఉంటే చాలు, ఆ గదిలో ఆవిడకు ఊపిరాడదు. ఎవరింటికైనా వెళితే ముందు పటం సరిచేస్తుంది, తర్వాతే కుశలప్రశ్నలు. విజ్ఞాన ప్రదర్శనశాలలో ఇరవై ఏడేళ్లుగా నమూనాలు చేస్తున్న మనిషి మరి. ఆనకట్టలు, ఓడలు, బొగ్గు గనులు, గుండెకాయ, దోమ తల. పెద్దవాటిని చిన్నవి చేసి, చిన్నవాటిని పెద్దవి చేసి మొత్తం నూట పద్నాలుగు. కొలతలమ్మ అన్న పేరు తోటివాళ్లు పెట్టింది. ఎదురుగా "మేడమ్" అంటారు, ఆవిడ వెనక్కి తిరగ్గానే "కొలతలమ్మ" అంటారు. ఆవిడకు తెలుసు. ఆ పేరులో అబద్ధమేమీ లేదు కాబట్టి ఊరుకుంది.

పని చేసే చోటు భవనం అడుగున ఉంటుంది. రెండు పొడుగాటి బల్లలు, ఒక చిన్న లేత్ యంత్రం, సైజుల వారీగా సర్దిన కత్తులు, ఎప్పటికీ పోని జిగురు వాసన. పైన, కప్పుకు దగ్గరగా, ఒకే ఒక్క కిటికీ. అందులోంచి కాలిబాట మీద నడిచేవారి కాళ్లు మోకాళ్ల దాకా కనిపిస్తాయి. ఇరవై ఏడేళ్లుగా ఆవిడ చూసిన లోకం అంతవరకే. డైరెక్టర్లు మారారు, గోడల రంగులు మారాయి, కిటికీలో కాళ్లు మాత్రం అలా నడుస్తూనే ఉన్నాయి.

ఆ శాలలో ఒక నియమం ఉంది. ప్రతి నమూనా కింద అరచేతంత ఇత్తడి పలక పెడతారు. దాని మీద మూడే మూడు సంగతులు చెక్కుతారు: వస్తువు పేరు, స్కేలు, సంతకం. అసలు వస్తువులో వంద అంగుళాలు ఇక్కడ ఒక అంగుళమైతే ఒకటికి వంద అని స్కేలు రాస్తారు. సంతకం మాత్రం హెడ్ మోడలర్‌ది. వంచిన నడుము ఎవరిదైనా, గుచ్చుకున్న వేళ్లు ఎవరివైనా, చెక్కేది హెడ్ మోడలర్ సంతకమే. అలా కొలతలమ్మ చేసిన నూట పద్నాలుగింటి కిందా అప్పటి హెడ్ మోడలర్ పెద్దాయన సంతకమే ఉంది. పెద్దాయన మంచివాడే. టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "బాగుందమ్మా, బాగుంది" అని, పలక మీద చెక్కడానికి సంతకం చేసిన కాగితం ఇచ్చి వెళ్లేవాడు. ఆయన పదవీ విరమణ చేసి ఏడాదిన్నరయింది. ఆ కుర్చీ ఈవిడకు వచ్చింది. వచ్చాక చూస్తే కొత్త నమూనా ఒక్కటీ లేదు, అన్నీ మరమ్మతులే. ఆనకట్ట కారుతోంది, అతుకు వెయ్యి. దోమకు కాలు ఊడింది, కాలు పెట్టు. మరమ్మతులకు సంతకం ఉండదు.

అలాంటి సమయంలో, ఇంకో పదకొండు నెలల్లో తనే ఇంటికి వెళ్లిపోతుందనగా, కబురొచ్చింది. విశ్వం గురించి కొత్త గది తెరుస్తున్నారు, దానికి ఒక నమూనా కావాలి. ఒక్కటే ఒక్కటి. ఆ కాగితం చదివి కొలతలమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. తన సంతకం ఇత్తడి మీదికి ఎక్కాలంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది కూడా. ఆ ఆశ ఆవిడ ఎవరితోనూ అనలేదు కానీ, ఆ వారమంతా పనికిరాని కాగితాల మీద సంతకం పెట్టి చూసుకుంటూనే ఉంది.

విషయం చెప్పడానికి ఒక ప్రొఫెసర్‌ను పంపారు. నలభై దాటిన సన్నపాటి మనిషి, మెత్తటి గొంతు. కాగితం మీద రెండు గీతలు గీశాడు.

"మన విశ్వం మొత్తం ఒక పొర అనుకోండి మేడమ్. మనం, నక్షత్రాలు, వెలుతురు, అన్నీ ఆ పొరకు అతుక్కుని ఉన్నాం. దాన్ని వదిలి బయటికి రాలేం. పక్కనే ఇంకో పొర ఉండొచ్చు, అందులో ఇంకో విశ్వం. అలా ఎన్నైనా ఉండొచ్చు. ఒక్క గురుత్వాకర్షణ మాత్రం ఈ పొరలోంచి ఆ పొరకు కాస్త కారుతుందేమోనని కొందరి ఊహ."

"ఇంతకీ ఆ రెండోది ఉందంటారా, లేదంటారా?"

"ఉందని చెప్పలేం మేడమ్. లేదనీ చెప్పలేం."

"మరి నేను దేంతో చెయ్యను? కొయ్యతోనా, గుడ్డతోనా?"

"అది మీ ఇష్టం."

ఇరవై ఏడేళ్లలో ఆవిడతో "మీ ఇష్టం" అన్న మనిషి లేడు. ఆ మాటకు కరిగిపోయింది. అక్కడే కాస్త గట్టిగా నిలదీసి ఉంటే తర్వాత అంత గొడవ ఉండేది కాదు. కానీ మనసు మెత్తబడినప్పుడు నిలదియ్యడం ఎవరి వల్ల అవుతుంది?

తొమ్మిది నెలలు చేసింది. నిలువెత్తు పరదాలు రెండు, అవతలి మనిషి నీడలా కనిపించేంత పల్చటి బట్ట, ఎదురెదురుగా, మధ్య పద్దెనిమిది అంగుళాల ఎడంతో వేలాడదీసింది. ఒకదాని మీద మన విశ్వం. బియ్యపు గింజలో సగమంత గాజు పూసలు నాలుగు వేలు, ఒక్కో పూసా ఒక్కో గెలాక్సీ, అన్నీ చేత్తో కుట్టింది. రెండోదాని మీద పక్క విశ్వం. అక్కడేముందో ఎవరికీ తెలియదు గనక ఏ పూసా లేకుండా బట్టనే అలలు అలలుగా మడిచి కుట్టింది. ఒకదాన్నుంచి ఒకదానికి గురుత్వాకర్షణ కారినట్టు సన్నటి వెండి పోగులు లాగింది. వెనక దీపం వెలిగిస్తే చూసిన ప్రతివాడూ నోరు తెరిచాడు. స్టోర్స్ ఆఫీసర్ కూడా ఓసారి పని కల్పించుకుని వచ్చి చూసి వెళ్లాడు. ప్రొఫెసర్ రెండు వారాలకోసారి బుధవారం వచ్చేవాడు. బిస్కెట్లు తినేవాడు, టీ తాగేవాడు, "అద్భుతం మేడమ్" అని వెళ్లిపోయేవాడు. అంతకన్నా ఇంకేం కావాలని కొలతలమ్మ అనుకుంది.

అయితే మోడలర్ల చేతికి ఒక అలవాటు ఉంటుంది. ఏది చేసినా ఆఖరున ఒక మనిషి బొమ్మను దాని పక్కన నిలబెడతారు. ఆ మనిషిని చూసి ఆనకట్ట ఎంత ఎత్తో, ఓడ ఎంత పొడుగో చూసేవాడు గ్రహిస్తాడు. కొలతలమ్మ కూడా పని పూర్తయిన రోజు, ఆలోచించకుండానే, బొటనవేలి గోరంత మనిషిని చేసి, కోటు తొడిగి, చేతులు వెనక్కి కట్టించి, మన విశ్వం అంచున అతికించింది. అప్పుడే ప్రొఫెసర్ వచ్చాడు. బిస్కెట్ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఈయనెవరు మేడమ్?"

"మనిషి. చూసేవాళ్లకు సైజు తెలియాలి కదండీ."

"ఈ పూస ఒక్కోటీ ఒక గెలాక్సీ కదా?"

"అవును."

"అంటే ఈయన గెలాక్సీ కన్నా ఆరు రెట్లు పొడుగన్న మాట."

కొలతలమ్మ జిగురు సీసా కింద పెట్టేసింది. పనిలో చేరిన కొత్తలో కూడా ఇలాంటి తప్పు చెయ్యలేదు. సిగ్గుతో మొహం వేడెక్కింది. పటకారుతో మనిషిని పీకి డబ్బాలో పడేసింది. అంతటితో ఊరుకుంటే కొలతలమ్మ ఎందుకవుతుంది? ఒక కొలత తప్పిందంటే మిగతావన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే. కొలత టేపు తీసింది.

"పూస మూడు మిల్లీమీటర్లు. గెలాక్సీ అడ్డం ఎంతండీ?"

"సుమారు లక్ష కాంతి సంవత్సరాలనుకోండి. కాంతి ఈ చివర బయల్దేరితే ఆ చివరకు చేరడానికి లక్షేళ్లు."

"అయితే నేను రెండు పరదాల మధ్య వదిలింది..." ఆవిడ కాగితం మీద లెక్క కట్టింది. "కోటిన్నర కాంతి సంవత్సరాలు. ఇది సరిపోతుందా?"

ప్రొఫెసర్ నీళ్లు నమిలాడు. "దూరం సంగతంటే మేడమ్... అసలు ఉంటే గింటే, వెంట్రుక మందంలో సగం కన్నా తక్కువే ఉండాలి. అంతకు మించి ఉంటే ఈపాటికి ప్రయోగాల్లో బయటపడేది. ఇది ఒక రకం సిద్ధాంతంలో. ఇంకో రకంలో అయితే..."

"వెంట్రుకలో సగమా!"

"ఇంకా తక్కువైనా కావచ్చు."

"తొమ్మిది నెలల నుంచి రెండు వారాలకోసారి వచ్చి ఈ పద్దెనిమిది అంగుళాల పక్కనే కూర్చుని టీ తాగారు కదండీ! ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు అడగలేదు మేడమ్. చూడ్డానికి బాగుంది కదా అని..."

బాగుందట! కొలతలమ్మకు ఒళ్లు మండిపోయింది. బిస్కెట్ల డబ్బా మూత ఠపీమని వేసింది. ఆయన రెండో బిస్కెట్ అడగలేదు.

అయినా గొడవ అక్కడితో ఆగేదేమో. నమూనా గదిలోకి చేరాలంటే ఆమోద పత్రం నింపాలి. అది ఉండేది స్టోర్స్ ఆఫీసర్ కంప్యూటర్‌లో. ఒకటో గడి వస్తువు పేరు, రెండోది పొడవు, అలా అలా వెళ్లి ఏడో గడి స్కేలు. రాయడానికి నిజమైన అంకె లేదు గనక ఆవిడ అడ్డగీత కొట్టింది. గడి ఎర్రబడింది. "లేదు" అని కొట్టింది. ఎర్రబడింది. ప్రశ్న గుర్తు పెట్టింది. మళ్లీ ఎర్రబడింది, ఈసారి టింగుమని గంట కూడా కొట్టింది.

"అంకె అడుగుతోంది మేడమ్," అన్నాడు స్టోర్స్ ఆఫీసర్. ఆయనకు ఎవరి మీదా పగ లేదు, నియమాల మీద మాత్రం ప్రేమ ఉంది. "అంకె లేకపోతే ఇది నమూనా కింద రాదు. అలంకరణ కింద వస్తుంది."

"అంటే?"

"అంటే ముందు హాల్లో పెడతాం. పూలకుండీలు, ఆ వేలాడే గాజు చేపలు ఉన్నాయి కదా, వాటితో పాటు. పలక ఉండదు. అలంకరణకు సంతకం ఉండదు కదా మేడమ్."

ఆవిడ మొహం చూసి ఆయనకే జాలేసింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎందుకండీ ఇంత బాధ? ఒకటికి కోటి అని కొట్టి పారెయ్యండి. ఎవరొచ్చి కొలుస్తారు? ఆ పక్క విశ్వం వాళ్లా?"

ఆవిడ కొట్టింది. ఒకటి, రెండు చుక్కలు, మళ్లీ ఒకటి, ఏడు సున్నాలు. గడి పచ్చబడింది. ఇంకొక్క మీట నొక్కితే చాలు, ఇత్తడి పలక తయారవుతుంది, కింద తన సంతకం ఉంటుంది. వేలు మీట మీదే ఉంది. సంతకం ఆవిడకు కావాలి, చాలా కావాలి. అందులో దాచుకోవడానికేముంది?

కానీ మెట్ల పక్కన ఒక లైట్‌హౌస్ ఉంది. దాని పలక మీద ఒకటికి డెబ్బై అయిదు అని ఉంటుంది. చేసింది మాత్రం ఒకటికి ఎనభై. పలక ముందే చెక్కించేశారు, తర్వాత అద్దాల పెట్టె పొట్టిదైంది, లైట్‌హౌస్‌ను కుదించాల్సి వచ్చింది. పలక మార్పించమని కొలతలమ్మ అప్పుడే మొత్తుకుంది. "ఎవడు కొలుస్తాడమ్మా" అన్నాడు పెద్దాయన. పంతొమ్మిదేళ్లుగా ఆ మెట్లెక్కిన ప్రతిసారీ ఆవిడ గోడవైపు తల తిప్పుకునే ఎక్కుతోంది. ఎవరూ కొలవలేదన్న మాట నిజమే. తను ఒక్కతే ఉంది కదా కొలవడానికి! ఆ సున్నాలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. చెరుపుతున్నంతసేపూ తన మీద తనకే కోపం వచ్చింది. లోకంలో అందరికీ చేతనయ్యే చిన్న అబద్ధం తనకెందుకు చేతకాదు?

"ఓ వారం టైమివ్వండి," అని లేచి వచ్చి ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది.

"ఒక్క అంకె చెప్పండి సార్. నిజమైన అంకె. మీకు పుణ్యముంటుంది."

"ఇక్కడే మేడమ్ చిక్కు. మన దగ్గరున్న కొలబద్దలన్నీ మన పొరకు అతుక్కున్నవే. పొడవు కొలవొచ్చు, వెడల్పు, ఎత్తు కొలవొచ్చు. పక్క పొర ఉండే ఆ నాలుగో దిక్కుకు కొలబద్ద పెట్టే వీల్లేదు. ఇక్కడి గెలాక్సీకి, అక్కడి ఎడానికి ఒకే స్కేలు అంటే అర్థమే ఉండకపోవచ్చు. ఇవి అంత పెద్దవై అది అంత చిన్నదెందుకయిందో మాకూ తెలియదు. మేమూ అదే తల బద్దలు కొట్టుకుంటున్నాం."

"మీరు తల బద్దలు కొట్టుకుంటే జీతమిస్తారు. నాకు గడి ఎర్రబడుతుంది," అని పెట్టేసింది.

కొలతలమ్మ భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్లో ఏ భవనం పేరు చెప్పినా, దాని ముఖం ఎలా ఉంటుందో చెప్పలేడు గానీ దాని పొట్టలో ఏముందో చెప్పగలడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ మొదలుపెట్టింది. ప్రొఫెసర్‌ను తిట్టింది, కంప్యూటర్‌ను తిట్టింది, గురుత్వాకర్షణను కూడా వదల్లేదు. ఆయన నెమ్మదిగా తింటున్నాడు. ఇంతలో పై ఫ్లాటువాళ్లు కుర్చీ బరబరా ఈడ్చారు.

"ఇదిగో వీళ్లొకరు!" అని ఆవిడ కప్పువైపు చూసి కసిరింది. "ఏడేళ్లయింది, మొహాలు కూడా తెలియవు, చప్పుడు మాత్రం తెలుసు."

"వాళ్లు మనకు ఎంత దూరమో తెలుసా నీకు?" అన్నాడాయన.

"నాకెందుకు?"

"చెప్పు."

"తలుపు తీసుకుని, వరండా దాటి, లిఫ్టెక్కి, మళ్లీ వరండా... ఎనభై అడుగులుంటుంది."

"ఆరంగుళాలు," అన్నాడు. "లిఫ్టు గొయ్యిలో నిలబడి చూస్తే తెలుస్తుంది. మన కప్పు, వాళ్ల నేల, ఒకటే కాంక్రీటు పలక. మందం ఆరే ఆరు అంగుళాలు. వాళ్ల అరికాళ్లకూ మన ఇంట్లో గాలికీ మధ్య అంతే. మనం ఆ దిక్కుకు నడవలేం, అంతే తేడా. మీ ప్రొఫెసర్ చెప్పేది ఇదే కదా?"

కొలతలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది. అడ్డంగా ఎనభై అడుగులు, నిలువుగా ఆరంగుళాలు. తను ఎన్ని కొండల నమూనాలు చెయ్యలేదు! కొండలకు ఎప్పుడైనా ఒకే స్కేలు వాడిందా? వంద మైళ్ల నేలను బల్ల మీదికి తెచ్చినప్పుడు ఎత్తును కూడా అంతే కుదిస్తే కొండ కాస్తా శనగగింజంత గడ్డ అవుతుంది. అందుకే అడ్డానికో స్కేలు, ఎత్తుకో స్కేలు వేసి రెండూ పలక మీద రాస్తారు. ఒక్కో దిక్కుకు ఒక్కో లెక్క, రాసి చెప్పినంతకాలం అందులో మోసం లేదు. అడ్డానికి స్కేలు లేదంటే లేదని రాస్తే సరి. మధ్య ఎడానికి మాత్రం స్కేలు ఉంది. వెంట్రుకలో సగం అంటే గెలాక్సీ కాదు, చేత్తో చెయ్యగలిగిన పని. ఉన్నది ఉన్నంతే చెయ్యొచ్చు. ఒకటికి ఒకటి!

"ఏమండీ, మీరు ఇంత తెలివైనవారని నాకు ఇన్నాళ్లూ చెప్పలేదే," అంది.

"నువ్వు అడగలేదు," అన్నాడాయన. ఆ మాట అదే వారంలో రెండోసారి వినేసరికి ఆవిడకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పనిచోటికి వెళ్లి పరదాల ముందు నిలబడేసరికి ఆ సంతోషం చల్లారింది. నాలుగు వేల పూసలున్న బట్టను, మడతలు కుట్టిన ఇంకో బట్టను వెంట్రుకలో సగం దూరానికి తేవడం ఎవరి వల్లా కాదు. బట్టే అంతకన్నా మందం. అంటే స్కేలు రాయగలిగేది వేరే దాని మీద. ఇది అలంకరణే. తొమ్మిది నెలల పని పోయి పూలకుండీల పక్కన చేరుతుంది. కొలతలమ్మ బల్ల మీద కూర్చుని ఏడ్చింది. పైన కిటికీలో ఎవరివో కాళ్లు ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచాయి. ఇంకా తన దగ్గర ఒక దారి ఉంది, ఏడు సున్నాల దారి. ఆవిడ ముక్కు తుడుచుకుని, లేచి, గాజు పలకల పెట్టె దించింది.

నాలుగు రోజులు పట్టింది. జానెడు చదరపు అద్దాలు రెండు, మచ్చ లేకుండా అరగదీసి, నాలుగు మూలలా వంటింటి అల్యూమినియం రేకు రెండు పొరలు పెట్టి బిగించింది. మైక్రోమీటరుతో పదకొండు చోట్ల కొలిచింది. వెంట్రుక మందంలో సగం కన్నా పిసరు తక్కువ. ఒక మూల పిసరు ఎక్కువొస్తే విప్పేసి మళ్లీ బిగించింది. ప్రొఫెసర్‌ను పిలిచి చూపించింది. ఆయన అద్దాన్ని చాలాసేపు పక్కనుంచి చూశాడు. ఎన్నడూ లేనిది, బిస్కెట్ల వంక చూడలేదు.

"ఇన్నేళ్లలో నేను దీన్ని ఇలా కళ్లతో చూడలేదు మేడమ్," అన్నాడు. కాసేపటికి అలవాటు ఊరుకోనివ్వక, "ఇంకా తక్కువ కూడా కావచ్చు," అన్నాడు.

"అందుకే గరిష్ఠం అని రాస్తున్నా."

"అసలు లేకపోవచ్చు కూడా."

"బ్రాకెట్లో 'ఉంటే' అని పెడుతున్నా."

"ఇంకో సిద్ధాంతంలో అయితే..."

"ప్రొఫెసర్ గారూ!"

"సరే మేడమ్."

స్టోర్స్ ఆఫీసర్ ఏడో గడిలో ఒకటికి ఒకటి అని కొట్టాడు. పచ్చబడింది. ఆయన లేచి అద్దాన్ని ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు.

"ఏముంది మేడమ్ ఇందులో?"

"రెండు విశ్వాలు, మధ్యలో ఎడం."

"ఏం కనపడట్లేదే?"

"కనపడకూడదు."

ఆయన తల గోక్కున్నాడు గానీ గడి పచ్చబడ్డాక ఆయనకు అభ్యంతరం ఉండదు. నమూనా అని ముద్ర వేశాడు. పరదాల కాగితం మీద అలంకరణ అని వేశాడు. పరదాలు అప్పగించినట్టు ఆ కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకుని ఫైల్లో పెట్టేశాడు. తొమ్మిది నెలల పనికి ఆవిడ సంతకం అక్కడ, బీరువాలో దొరుకుతుంది, కావలసినవారికి.

గది తెరిచిన రోజు కొలతలమ్మ భర్తతో కలిసి వచ్చింది. ముందు హాల్లో పరదాల చుట్టూ జనం. ఫోటోలు, అబ్బలు, ఆహాలు. ఎవరో పిల్లను ఎత్తుకుని పూసలు చూపిస్తున్నారు. ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. గాజు చేపను ఎవరు చేశారని ఎవరైనా అడుగుతారా? అందం ఎదురుగా ఉంటే మనుషులకు పేరు గుర్తుకు రాదు. "పద," అన్నాడు భర్త, ఆవిడ మోచెయ్యి పట్టుకుని లోపలి గదికి నడిపించాడు.

అక్కడ ఆ రెండు అద్దాలు ఉంచిన పెట్టె ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, చేతికర్ర, మెడలో కళ్లద్దాలు. వంగి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. పెట్టె వెనక్కి వెళ్లి అద్దం లోంచి ఇటువైపు చూశాడు. ఏమీ దొరక్క, చివరికి దొరికిన ఒక్కదాన్నీ పట్టుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని పలకను గట్టిగా, బడిలో పాఠం చదివినట్టు చదివాడు.

"పక్క విశ్వం, బ్రాకెట్లో ఉంటే. అడ్డం, స్కేలు లేదు. మధ్య ఎడం, ఒకటికి ఒకటి, గరిష్ఠం." ఆ కింద ఉన్న పేరు కూడా చదివాడు. ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పకుండా. "ఏమిటండీ ఈ అన్యాయం! ఖాళీ పెట్టె పెట్టి కింద సంతకమా? ఎవరండీ ఈవిడ?"

"నేనేనండీ," అంది కొలతలమ్మ.

"మీరా? అయితే చెప్పండి. ఏముందమ్మా ఇందులో?"

"రెండు అద్దాలండీ. మన లోకం ఒకటి, పక్కది ఒకటి. మధ్యలో వెంట్రుకలో సగం."

ఆయన ముక్కు అద్దానికి తగిలేలా వంగాడు. "కనపడట్లేదమ్మా."

"అవునండీ. ఉంటే, అంత దగ్గర."

పెద్దమనిషి వెంటనే లేవలేదు. అలా వంగి చూస్తూనే ఉన్నాడు, చేతికర్ర జారుతుంటే భర్త పట్టుకున్నాడు. ఈలోపు వెనక ఇంకో ఇద్దరు చేరారు. వాళ్లకూ ఏమీ కనపడలేదు. వాళ్లూ విసుక్కుంటూ పలక మీదికి వంగారు, వాళ్లూ కింద దాకా చదివారు. కొలతలమ్మ చేసిన నూట పద్నాలుగు నమూనాల దగ్గర జనం ఆనకట్టను చూశారు, ఓడను చూశారు, పలక ఎవరు చదివారు గనక? ఇక్కడ చూడ్డానికి ఇంకేమీ లేదు. ఆవిడకు సంతోషమైంది, నవ్వు కూడా వచ్చింది.

మూసే వేళ దాకా ఆవిడ ఆ పెట్టె దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతివారికీ అదే సంగతి పైకి విసుక్కుంటూ చెప్పింది. అడిగిన ప్రతి ఒక్కరూ ముందు ఆవిడ పేరు పైకి చదివే అడిగారు.